35 వేలలో బేస్ యాంప్: కాంబోనా, హెడ్డూ క్యాబినెట్టూ విడిగానా, ఇక్కడే బాక్సు చేయించుకోవాలా?

రాజోలు బేస్: నమస్తే అండి. నాది నాలుగు తీగల బేస్ గిటార్. ఆదివారం చర్చిలో వాయిస్తాను, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రాతో వెళ్తాను. చర్చిలో నేరుగా మిక్సర్‌కే వైరు పెడుతున్నాను కానీ, ఆ కాలమ్ బాక్సుల్లో కింది స్వరాలు అసలు వినబడవు. 35 వేలు కూడబెట్టాను. షాపులో 100 వాట్ల కాంబో (యాంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నది) చూపించారు. డ్రమ్స్ వాయించే మా బావ మాత్రం చిన్న హెడ్డు (స్పీకరు లేని యాంప్) కొనుక్కుని, 15 అంగుళాల స్పీకరుతో ఇక్కడే బాక్సు చేయించుకోమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

తణుకు సౌండ్: ఏదీ వద్దండి. మంచి డీఐ బాక్సు (గిటారు సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చేది) ఒకటి, 12 అంగుళాల పవర్డ్ స్పీకరు (లోపలే యాంప్ ఉన్నది) ఒకటి తీసుకోండి. పెద్ద స్టేజీ మీద జనానికి వినబడేది మా సబ్‌వూఫర్లలోంచే (కింది స్వరాల కోసం పెట్టే పెద్ద బాక్సులు). మీ వెనక ఎంత పెద్ద క్యాబినెట్ (స్పీకరు పెట్టె) పెట్టినా నాలుగో వరసకి చేరదు. పైగా బేస్ మానేసిన రోజు ఆ స్పీకరు కీబోర్డుకో మైకుకో పనికొస్తుంది.

భీమవరం పెద్ద తీగ: తణుకు వారి మాట పెళ్ళి స్టేజీకి నిజం, చర్చి హాలుకి కాదు. అక్కడ ఉన్నవి కాలమ్ బాక్సులని తమ్ముడు చెప్తున్నాడు కదా. నా మాట ఒక్కటే: ముందు డబ్బు క్యాబినెట్ మీద పెట్టు, మిగిలింది హెడ్డుకి.

షాపులో వాట్ల గురించే చెప్తారు. 100 వాట్లకు బదులు 200 పెడితే పెరిగే మోత 3 డెసిబెల్సే. రెట్టింపు గట్టిగా అనిపించడానికి సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల పవరు కావాలి. అదే 94 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న క్యాబినెట్ బదులు 97ది తీసుకుంటే హెడ్డు మార్చకుండానే ఆ 3 వచ్చేస్తాయి. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత మోత వస్తుందో చెప్పే అంకె అది. అడిగి తెలుసుకో.

బేస్ కింది ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్, మామూలు గిటారుది 82. అంతే మోత ఆ కింది స్వరంలోనూ రావాలంటే స్పీకరు కోను నాలుగింతల దూరం ఊగాలి. అందుకే గిటార్ క్యాబినెట్లో బేస్ వాయిస్తే స్పీకరు పాడవుతుంది.

బాక్సు చేయించే విషయంలో మీ బావతో నాకు పేచీ ఉంది. బాక్సు లోపలి ఘనపరిమాణం, పోర్టు (గాలి బయటికి వచ్చే గొట్టం) పొడవు, వెడల్పు ఆ స్పీకరు కొలతలకి కుదరాలి. ఆ లెక్కకి ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజనీరు 1961లో దారి వేశారు, 1970ల్లో స్మాల్ దాన్ని పూర్తి చేశారు. లెక్క తప్పితే పోర్టు ట్యూనింగ్ కన్నా కింది స్వరాలకి కోనుకి గాలి పట్టు దొరకదు, విపరీతంగా ఊగి కాయిల్ దెబ్బతింటుంది. ఇక డీజే బాక్సు కొలతలు చూసి చేయిస్తే గుమ్మనే మోత వస్తుంది గానీ, వేలు తీగని మీటిన చప్పుడు రాదు. ఏ స్వరం వాయించావో పాడేవాళ్ళకే తెలియదు.

అమలాపురం బాక్సులు: పెద్ద తీగ గారూ, ఈ పని చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. స్పీకరుతో వచ్చే డేటా షీట్ మా చేతికిస్తే మిల్లీమీటరు తేడా లేకుండా కోస్తాం. ‘ఫలానా వాళ్ళ బాక్సు సైజులో చెయ్యి’ అంటేనే తేడా వస్తుంది. 18 ఎంఎం ప్లైవుడ్, లోపల అడ్డ బద్దలు, అతుకులన్నిటికీ జిగురు పెట్టి చేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చవక కంపెనీ క్యాబినెట్లలో చాలావరకు చెక్కపొట్టు బోర్డే. మన వానాకాలం చెమ్మకి అది ఉబ్బిపోతుంది, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. కోనసీమలో ఇది చిన్న విషయం కాదు.

నర్సాపురం పంటు: బరువు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 15 అంగుళాల ప్లైవుడ్ బాక్సు బైకు మీద పెట్టుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం రాగలడా ఈ అబ్బాయి? ప్రతి ప్రోగ్రాంకి ఆటో మాట్లాడితే వచ్చే డబ్బులు దానికే పోతాయి. తేలికగా ఉండే క్లాస్ డి రకం హెడ్డు గిటారు సంచి జేబులో పడుతుంది. దానికి 12 అంగుళాల క్యాబినెట్ ఒకటి చాలు. ఇంకో మాట, అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన యాంప్ ఎవరైనా అమ్మజూపితే వెనక ఓల్టేజీ చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టగానే కాలిపోతుంది.

తణుకు సౌండ్: చర్చి హాలు సంగతి ఒప్పుకుంటాను. అయినా కొనే హెడ్డుకి మిక్సర్‌కి నేరుగా కలిపే డీఐ అవుట్ తప్పనిసరిగా ఉండాలి. అది లేకుండా స్టేజీ మీదకొస్తే క్యాబినెట్ ముందు మైకు పెట్టాలి, అందులో డ్రమ్స్ కూడా దూరతాయి.

రాజోలు బేస్: పంటు మాట నిజమేనండి, వారం వారం దాటుతుంటాను. 12 అంగుళాలదే చూస్తాను. 4 ఓమ్స్‌ది తీసుకోనా, 8దా? కనెక్షన్‌కి నా గిటారు వైరే సరిపోతుందా?

భీమవరం పెద్ద తీగ: 8దే తీసుకో. హెడ్డు 4 ఓమ్స్‌కి 200 వాట్లు అని రాసి ఉంటే, 8 మీద సగానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, హాలుకి అది చాలు. రేపు ఇంకో 8 ఓమ్స్ క్యాబినెట్ ప్యారలల్‌గా కలిపితే రెండూ కలిసి 4 అవుతాయి, అప్పుడు పూర్తి పవరు. ఇప్పుడే 4ది కొంటే, చాలా హెడ్లకి 4 కన్నా తగ్గకూడదు కాబట్టి, రెండోది తగిలించే వీలుండదు. గిటారు వైరు మాత్రం వద్దు, అది సన్నం, వేడెక్కుతుంది. స్పీకాన్ పిన్నులున్న స్పీకరు వైరు విడిగా కొనుక్కో.

అమలాపురం వారి ప్లైవుడ్ మాట కూడా మర్చిపోకు, స్పీకరు ఒకసారి విప్పించి లోపలి చెక్క చూడు. షాపుకి నీ గిటారే తీసుకెళ్ళు, మీ బావని కూడా వెంటబెట్టుకెళ్ళు. అక్కడి డ్రమ్స్ మీద అతను గట్టిగా కొడుతుండగా నీ కింది తీగ వినబడుతుందో లేదో చూశాకే డబ్బు కట్టు.