గిటార్ పికప్ కీచుమంటోంది, మార్చాలా?

కర్నూలు నుంచి ప్రశ్న:
అన్నలకు నమస్తే. ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయిస్తా. చవితి మండపాల ప్రోగ్రాములు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. నాది సెకండ్ హ్యాండ్ గిటార్, స్ట్రింగ్ వణుకును సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండూ రేకు మూతలున్న హంబకర్లే (జంట కాయిళ్ల రకం). డిస్టార్షన్ పెడల్ తొక్కి వాల్యూమ్ సగం దాటిస్తే చాలు, ఈల వేసినట్టు సన్నగా కీచుమంటుంది. స్ట్రింగ్స్ అన్నీ అరచేత్తో అదిమినా ఆగదు. రిపేరు షాపులో పికప్‌లు మార్చెయ్యమన్నారు. మీటర్ పెడితే బ్రిడ్జి పికప్ (స్ట్రింగ్స్ కింది కొస వైపుది) 8.1 కిలో ఓమ్‌లు, నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది) 7.6 చూపిస్తున్నాయి. అంటే బాగున్నట్టే కదా?

అనంతపురం నుంచి జవాబు:
తమ్ముడూ, తీగ తెగిందా లేదా అన్నదే మీటర్ చెప్తుంది. చుట్లు వదులుగా ఉన్నాయా అంటే దానికి తెలీదు. నాది మోటార్ వైండింగ్ షాపు, రాత్రిపూట గిటార్. హంబకర్లో రెండు కాయిళ్లు, ఒక్కోదానికి సుమారు 5,000 చుట్లు, వెంట్రుకంత సన్నటి రాగి తీగ. ఆ చుట్లు గానీ పైనున్న మూత గానీ అయస్కాంతం దగ్గర వణికితే, స్ట్రింగ్ వణికినట్టే కాయిల్లో సిగ్నల్ పుడుతుంది. స్పీకర్ మోతకు వదులు భాగం వణుకుతుంది, ఆ వణుకు ఆంప్‌లోకి పోయి ఇంకా పెద్ద మోతై బయటికొస్తుంది. మళ్లీ వణుకు. నీ పికప్ మైకులా చుట్టూ ఉన్న మోతనంతా పట్టేస్తోంది, అంతే.

అదిమినా ఆగలేదన్నావు చూడు, అది మంచి గుర్తు. మామూలు ఫీడ్‌బ్యాక్ స్ట్రింగ్ మోగడం వల్ల వస్తుంది, చెయ్యి వేస్తే పోతుంది. కరెంటు హమ్ అయితే కీచుమనదు, బొంయ్‌మంటుంది. గిటార్‌తో పక్కకు తిరిగితే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ముందు గిటార్ వాల్యూమ్ సున్నా చెయ్యి. అప్పటికీ కీచు ఉంటే పెడలో ఆంపో చూసుకోవాలి, గిటార్‌ను విప్పొద్దు. ఆగితే పికప్‌లు మార్చే స్విచ్చి, అదే సెలెక్టర్, మార్చి ఏ పికప్‌దో తేల్చు. తర్వాత గెయిన్ (సిగ్నల్‌ను పెంచే నాబ్) తగ్గించి, ఐస్‌క్రీమ్ పుల్లతో మూత మీద, చుట్టూ ఉన్న రింగు మీద, స్క్రూల దగ్గర మెల్లగా తట్టు. స్క్రూడ్రైవర్‌తో మాత్రం తట్టొద్దు. ఇనుము దగ్గరికొస్తే బాగున్న పికప్ కూడా టక్కుమంటుంది, మోసపోతావు. ఆఖరున కీచు వస్తుండగానే మూతను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. ఆగిందంటే దొంగ అక్కడే ఉన్నాడు.

కడప నుంచి:
మీ షాపులో వార్నిష్ ఉంటుంది కదన్నా, అందులో ముంచితే అయిపోదా?

అనంతపురం:
ఫ్యాన్ కాయిల్‌కు వార్నిష్ పట్టించేదీ చుట్లు కదలకుండానే, నీ ఆలోచన తప్పు కాదు. కానీ వార్నిష్‌లోని సాల్వెంట్ పికప్ బాబిన్ (తీగ చుట్టిన చట్రం) ప్లాస్టిక్‌ను పాడుచెయ్యొచ్చు. గట్టిపడ్డాక తీగ తెగితే ఇక విప్పలేం. అందుకే పికప్‌ను కరిగిన మైనంలో ముంచుతారు. అదీ చుట్లను కదలకుండా పట్టేస్తుంది, కావాలంటే వేడిచేస్తే వదులుతుంది.

కర్నూలు:
చూశానన్నా. బ్రిడ్జి పికప్‌దే. తడితే రెండు చోట్ల గట్టిగా వినిపించింది, మూత మీద, ఎత్తు సర్దే స్క్రూల దగ్గర. మూత నొక్కితే కీచు తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు.

అనంతపురం:
అయితే రెండు తప్పులున్నాయి. స్క్రూలకున్న స్ప్రింగులు తీసేసి, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు తొడుగు. పికప్ కింద చిన్న స్పాంజి ముక్క పెట్టు. పది రూపాయల పని, మైనం జోలికి పోకముందే ఇది చెయ్యి.

కర్నూలు:
చేశా. పెద్ద తేడా! గెయిన్ బాగా పెంచితే మాత్రం ఇంకా సన్నగా వస్తోంది.

అనంతపురం:
ఇప్పుడు మైనం. మామూలు తెల్ల కొవ్వొత్తులు నాలుగు వంతులు, తేనెమైనం ఒక వంతు. నల్లమల వైపు తేనెమైనం దొరికితే కరిగించి గుడ్డలో వడకట్టు, చెత్త ఉంటుంది. గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు, మైనం ఆవిరి అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, కరెంటు స్టవ్ మీద కరిగించు. వేడి 65 డిగ్రీల దగ్గరే ఉండాలి, 70 దాటితే బాబిన్ వంకరపోతుంది. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. వంటకు వాడేది కొను. వైరు పట్టుకుని పికప్‌ను మునిగేదాకా దించు, గిన్నె అడుగుకు ఆనకూడదు. బుడగలు రావడం ఆగేదాకా, పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచు. తీశాక ఆరేదాకా మూతను క్లిప్పుతో బిగించి ఉంచు.

కడప:
ఒక మాట. 1957లో గిబ్సన్ అనే గిటార్ కంపెనీ తెచ్చిన తొలి హంబకర్లకు మైనం ఉండేది కాదు. ఆ కాస్త గాలి ఉన్న శబ్దం కోసమే వాటిని ఇష్టపడేవాళ్లున్నారు. నెక్ పికప్ కీచుమనకపోతే దాన్ని కదిలించొద్దు.

అనంతపురం:
నేనూ అదే అంటా. బాగున్నదాన్ని ముంచడం దండగ.

కర్నూలు:
పని అయిందన్నా. నిన్న గెయిన్ ఫుల్లుగా పెట్టి ఆంప్ ముందే నిలబడ్డా, స్ట్రింగ్స్ అదిమితే చప్పుడే లేదు. ఒక్కటే అనుమానం, మన ఎండలకు మైనం కరగదు కదా?

అనంతపురం:
45 డిగ్రీల ఎండకు కరగదు. ఎండలో తలుపులు మూసిన వ్యానులో మాత్రం గిటార్ వదిలి భోజనానికి పోవద్దు. లోపల ఆ వేడి చాలా దాటుతుంది, మైనం సంగతేమో గానీ నెక్ వంగుతుంది.