వేగం కోసం కొన్న కారుకు రిమ్ము పెంచాలా, టైరు మార్చాలా?

మూడోగేరు:
నా హ్యాచ్‌బ్యాక్‌కు కంపెనీ 225/45 ఆర్17 టైర్లు (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు), 7 అంగుళాల వెడల్పున్న రిమ్ములు ఇచ్చింది. వేగంగా మలుపు తీసుకునేటప్పుడు స్టీరింగు తిప్పిన తరువాత కారు ముక్కు కదలడానికి కొద్దిపాటి జాప్యం కనిపిస్తోంది. 18 లేదా 19 అంగుళాల రిమ్ములు వేస్తే అది పోతుందని కొందరు, రిమ్ముల జోలికి పోకుండా మంచి టైర్లు వేస్తే చాలని మరికొందరు చెబుతున్నారు. రోజూ తిరగడానికీ, అప్పుడప్పుడు ట్రాక్ మీద నడపడానికీ ఇదే కారు.

చక్రధారి:
18కి వెళ్లండి. 225/40 ఆర్18 వేస్తే సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) 101 మిల్లీమీటర్ల నుంచి 90కి తగ్గుతుంది. చక్రం మొత్తం వ్యాసం మాత్రం 634 నుంచి 637కే పెరుగుతుంది కనుక స్పీడోమీటరుకూ ఏబీఎస్ బ్రేకులకూ ఇబ్బంది ఉండదు. సైడ్‌వాల్ ఎంత పొట్టిదైతే పక్కకు అంత తక్కువగా వంగుతుంది, మీరు చెబుతున్న జాప్యం అక్కడే పుడుతోంది. 2021 వరకు 13 అంగుళాల రిమ్ములు వాడిన ఫార్ములా వన్ సైతం 2022లో 18కి మారింది కదా!

నల్లరబ్బరు:
చక్రధారి గారి లెక్క సరైనదే గాని, ఫార్ములా వన్ పోలిక ఇక్కడ అతకదు. రోడ్డు కార్ల టైర్లకు దగ్గరగా ఉండాలన్నది ఆ మార్పుకు ఒక ముఖ్య కారణం. పాత టైర్ల ఎత్తైన సైడ్‌వాల్ సస్పెన్షన్ పనిలో కొంత తానే చేసేది కాబట్టి జట్లు సస్పెన్షన్‌ను మళ్లీ రూపొందించుకోవలసి వచ్చింది. కారు కనీస బరువు 752 కిలోల నుంచి 798కి పెరగడంలోనూ ఆ చక్రాల వాటా ఉంది.

బరువే అసలు సంగతి. చక్రం అంచున ఉన్న ఒక కిలోను వేగం పుంజుకునేలా చేయడానికి, కారు లోపల పెట్టిన దాదాపు రెండు కిలోలకు పట్టేంత శక్తి పడుతుంది, ఎందుకంటే దానిని ముందుకు నెట్టడంతో పాటు తిప్పాలి కూడా. రిమ్ము పెద్దదైన కొద్దీ లోహం అంచు వైపు జరుగుతుంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఆ బరువును అదుపు చేయడం డ్యాంపరుకు (షాక్ అబ్జార్బరుకు) కష్టమై, టైరు నేలను వదిలే క్షణాలు పెరుగుతాయి.

ఎవరూ చూడని అంకె ఇంకొకటి ఉంది. మీ 17 టైరు లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు మోయగల బరువును తెలిపే అంకె) సాధారణంగా 91, అంటే 615 కిలోలు. 225/40 ఆర్18లో మామూలు రకానిది 88, అంటే 560 కిలోలే. 630 కిలోలు మోసే 92 కావాలంటే ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకం తీసుకుని, గాలి ఎక్కువగా నింపాలి. 19 గురించి చెప్పనక్కరలేదు, గుంతల రోడ్డు మీద రిమ్ము వంగితే తెలుస్తుంది.

చక్రధారి:
పోత పోసిన చవక రిమ్ముల విషయంలో బరువు మాట ఒప్పుకుంటాను; ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) రిమ్ము 18లోనూ తేలికగానే దొరుకుతుంది. అయితే పట్టు ఎక్కువుండే మెత్తని రబ్బరు టైర్లు వేసినంత మాత్రాన జాప్యం పోదు. పట్టు పెరిగితే సైడ్‌వాల్ మీద పడే బలమూ పెరిగి, అది ఇంకా ఎక్కువగా వంగవచ్చు.

నల్లరబ్బరు:
మంచి మాట. అందుకే నేను చూసేది వెడల్పు. 225/45 ఆర్17 టైరు 7 నుంచి 8.5 అంగుళాల వెడల్పు రిమ్ముల మీద కూర్చుంటుంది. మూడోగేరు గారిది అందులో అట్టడుగున ఉంది. 17 వ్యాసంలోనే 8 అంగుళాల తేలికపాటి రిమ్ము వేస్తే టైరు అంచులు రెండు వైపులా విచ్చుకుని సైడ్‌వాల్ బిగుస్తుంది. దానికి తోడు గట్టి కట్టుబడి ఉన్న వేసవి టైరు వేస్తే స్టీరింగు స్పందన మారుతుంది. 7 డిగ్రీల కంటే చలిగా ఉన్నప్పుడు మాత్రం ఆ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది.

మూడోగేరు:
ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీతకూ, దానిని కారుకు బిగించే తలానికీ ఉన్న దూరం) మార్చకుండా 8కి వెళ్తే ఎక్కడైనా రాసుకుంటుందా?

నల్లరబ్బరు:
రిమ్ము లోపలికి 12.7, బయటికి 12.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. లోపల సస్పెన్షన్ స్ట్రట్‌కూ బయట చక్రం మీద కప్పే ఫెండరుకూ ఉన్న ఖాళీని, స్టీరింగు చివరి వరకు తిప్పి, ముందే కొలవండి.

చక్రధారి:
రేపు పెద్ద బ్రేకులు వేయాలనుకుంటే 17లో కాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగానికి) చోటు చాలదు. అప్పుడు రిమ్ములు రెండుసార్లు కొన్నట్టవుతుంది.

నల్లరబ్బరు:
బ్రేకు కిట్లు తయారు చేసేవారిలో చాలామంది కాలిపర్ ఆకారాన్ని కాగితం మీద అచ్చు వేసుకునేలా ఇస్తారు. దానిని అట్టకు అంటించి, కత్తిరించి, కొనబోయే రిమ్ము లోపల పెట్టి చూడండి. పడితే 17, పడకపోతే చక్రధారి గారు చెప్పిన 18.