కదలకుండా పెట్టినా జీపీఎస్ యాక్యురసీ 3 మీటర్ల నుంచి 12 దాకా ఎందుకు మారుతోంది?

ప్రశ్న:
నడకదారుల్లో గుర్తులు పెట్టుకోడానికి చేతిలో పట్టుకునే రిసీవర్ ఒకటి తీసుకున్నానండి. నిన్న ఒక బండ మీద పెట్టి అరగంట వదిలేశా, ముట్టుకోలేదు కూడా, అయినా యాక్యురసీ కాసేపు 3 మీటర్లు, కాసేపు 7, ఒకసారి 12 దాకా పోయి మళ్లీ 4కి వచ్చింది. పైగా 3 ఉన్నప్పుడు సేవ్ చేసిన పాయింటే మ్యాప్‌లో బండకి దూరంగా పడింది, 7 అప్పటిది దగ్గరగా ఉంది. సెట్ పాడైనట్టా?

జవాబు 1:
పాడవలేదండి. ఆ అంకె కొలిచిన తప్పు కాదు, సెట్ వేసుకున్న అంచనా. తప్పు కొలవాలంటే అసలు చోటు దానికి తెలియాలి కదా, తెలిస్తే అదే చూపించేది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అయితే, చూపించిన చోటు చుట్టూ ఆ అంకె వ్యాసార్థంతో వృత్తం గీస్తే దాని లోపల మీరు ఉండే అవకాశం 68 శాతం అని లెక్క, అంటే దాదాపు మూడింట ఒకసారి బయట పడటం మామూలే. అన్ని సెట్లూ ఒకే శాతం పట్టుకోవు కాబట్టి రెండు సెట్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి.

జవాబు 2:
మారడానికి కారణం ఆకాశంలోనే ఉంది. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూనే ఉంటాయి, ఒకటి చెట్టు చాటుకి పోతుంది, ఇంకోటి పైకొస్తుంది. నాలుగు వైపులా విడివిడిగా ఉంటే లెక్క గట్టిగా వస్తుంది, అన్నీ ఒకే పక్క గుంపుగా ఉంటే జారిపోతుంది, మెనూలో హెచ్‌డీఓపీ అని ఉంటే చూడండి, అది దీని గురించే, తక్కువుంటే మంచిది. మీ పక్కన గోడో కొండో ఉందా? సిగ్నల్ దానికి తగిలి తిరిగొస్తే దారి పొడుగవుతుంది, 30 నానోసెకన్ల ఆలస్యం అంటే 9 మీటర్లు, సెట్‌కి అది తెలియకపోవచ్చు, అందుకే ధీమాగా 3 అంటూనే తప్పు చోటు చూపిస్తుంది.

అడిగినవారు:
ఉందండి, ఒక పక్క నిలువుగా రాతి గోడలా ఉంది! మరి చాలా రీడింగులు తీసి సగటు చేస్తే సరిపోతుందా?

జవాబు 2:
రెండు నిమిషాల్లో వంద తీసినా పెద్దగా లాభం లేదు, అన్నిట్లోనూ దాదాపు అదే తప్పు ఉంటుంది, ఎందుకంటే అది మెల్లగా మారుతుంది. కొన్ని నిమిషాలు తీసి, గంటో రెండు గంటలో ఆగి మళ్లీ తీయండి, ఇంకో రోజు తీస్తే ఇంకా మేలు. గోడకి వీలైనంత దూరం జరగండి. అంకె చిన్నదయ్యేదాకా కాచుకుని సేవ్ చేయడం మాత్రం మానేయండి.

జవాబు 3:
ఇంకోటి, మ్యాప్‌లో ఉపగ్రహ ఫొటోయే కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు. ఆ ఫొటో చూసి 3 తప్పు, 7 ఒప్పు అని తేల్చేయకండి.