వైటల్స్ కొలిచేది ఒకరు, సిస్టమ్‌లో ఎక్కించేది ఇంకొకరు: సరేనా?

ఓపీ_సూపర్‌వైజర్_చెన్నై: నెల్లూరు, చిత్తూరు పేషెంట్లు ఎక్కువగా వచ్చే ఓపీ. నర్సు వైటల్స్ (బీపీ, పల్స్, టెంపరేచర్, శ్వాస లాంటివి) కొలిచి గట్టిగా చెబుతుంది, డెస్క్ అమ్మాయి ఈఎంఆర్‌లో (పేషెంట్ల కంప్యూటర్ రికార్డులో) కొడుతుంది. ఈ పద్ధతి మార్చాలి. పని ఎవరికి అప్పగించాలి?

వార్డు_సిస్టర్: కొలిచినవాళ్లే కొట్టాలండీ. నోటిమాట మీద నడిపితే చెన్నైలో ఇంకో చిక్కుంది. తమిళంలో తొంభైని తొణ్ణూరు అంటారు. గోలలో మన చెవికి చివరి ‘నూరు’ మాత్రమే పడితే ఎస్పీఓటూ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 కాస్తా 100 అయిపోతుంది. ఆక్సిజన్ పెట్టాల్సిన మనిషి బెంచీ మీదే ఉంటాడు. ఎళుబదు, ఎణ్బదు కూడా అంతే: 70కీ 80కీ తేడా తెలియదు.

జనరల్_ఫిజీషియన్: సిస్టర్ గారి మాటే నాదీ. డాక్టర్ తిరిగి కొలిస్తే నర్సు అంకె చెరపకుండా, రెండో రీడింగ్‌గా తన లాగిన్‌తో వేసుకోవాలి. అసలు ఎవరు కొట్టారన్నదానికంటే ఎలా కొలిచారన్నది పెద్ద గొడవ. బీపీకి 5 నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకి ఆనుడు, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో, మాటలు బంద్. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) లోపలి రబ్బరు సంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనబడుతుంది. ఇక శ్వాస! రోజంతా అందరికీ 18, 20 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం. నాడి పట్టుకున్నట్టే ఉండి, చెప్పకుండా నిండా 60 సెకన్లు ఛాతీ చూడాలి. చూస్తున్నారని తెలిస్తే పేషెంట్ ఊపిరి మారిపోతుంది.

ఈఎంఆర్_సపోర్ట్: సాఫ్ట్‌వేర్ వైపు నుంచి. బీపీని ‘120/80’ అని ఒకే గడిలో పెడితే గ్రాఫ్ రాదు. రెండు గడులు కావాలి: లాయింక్ కోడ్ (ఒక్కో కొలతకు అన్ని సాఫ్ట్‌వేర్లూ గుర్తుపట్టే నంబరు) పైదానికి 8480-6, కిందిదానికి 8462-4. టెంపరేచర్ పక్కన యూనిట్ కనబడాలి, లేదంటే సెల్సియస్ గడిలో ఫారెన్‌హీట్ అంకె 98.6 పడుతుంది. ఎస్పీఓటూ 100 దాటినా, పై బీపీ కిందిదానికంటే తక్కువైనా సేవ్ కానివ్వొద్దు. పల్స్ 45 మాత్రం నిజంగానే ఉండొచ్చు, హెచ్చరించి వదిలేయాలి. కొలిచిన టైమూ ఎక్కించిన టైమూ వేర్వేరుగా ఉండాలి. ‘పాత విలువలు కాపీ’ బటన్ ఉంటే పీకేయించండి.

ఓపీ_సూపర్‌వైజర్_చెన్నై: మానిటర్ నుంచి నేరుగా పంపిస్తే మనిషి అక్కర్లేదు కదా?

ఈఎంఆర్_సపోర్ట్: అక్కర్లేకపోవడమేమిటి సార్! పాత పేషెంట్‌ను మానిటర్‌లో డిశ్చార్జ్ చెయ్యకపోతే (పేరు తీసేయకపోతే) కొత్తాయన రీడింగులు పాతాయన ఫైల్లోకి పోతాయి. నర్సు పేరు సరిచూసి ఓకే కొట్టాకే రికార్డులోకి వెళ్లాలి.

వార్డు_సిస్టర్: ఎత్తు, బరువు నర్సింగ్ అసిస్టెంట్ చూడొచ్చు, చెప్పులు విప్పించి. కానీ తన సొంత లాగిన్‌తో. వార్డంతటికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్నచోట ఎవరు కొలిచారో ఆడిట్‌లో తేలదు. తప్పు పడితే డిలీట్ వద్దు, కారణం రాసి సవరించండి. సర్వర్ పడుకుంటే కాగితం మీద టైముతో రాసి, లేచాక ఆ టైమే వెయ్యండి.