వెన్నుపాముకు దెబ్బ తగిలిన తొలి 8 గంటల్లో స్టెరాయిడ్: ఇవ్వాలా, వద్దా?

కశేరుక: మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే ఈ స్టెరాయిడ్ వద్దని 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు తేల్చేశాయి. 2017లో ఏఓ స్పైన్ (వెన్ను వైద్యుల అంతర్జాతీయ సంస్థ) వాళ్లేమో 8 గంటల లోపు వస్తే 24 గంటల కోర్సు ఇచ్చే ఆలోచన చేయొచ్చన్నారు. నాది రెండో పక్షం. మెడ దెబ్బలో ఒక్క మెట్టు కిందికి బలం వచ్చినా చాలు, ట్రైసెప్స్ (చేతి వెనక కండరం) పనిచేస్తే మోచేయి చాచి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మనిషి తనంతట తాను మారే వీలుంటుంది. ఆ అవకాశాన్ని ఎందుకు వదులుకోవాలి?

గ్లియా: ఆ అవకాశం దేనిమీద నిలబడిందో చూడండి సార్. ఈ మందును వెన్నుపాము దెబ్బల్లో పరీక్షించిన 1990 నాటి నాసిస్-2 ట్రయల్‌లో అందరినీ కలిపి చూస్తే తేడా లేదు. 8 గంటల దగ్గర గీత గీసి విడదీశాకే కనబడింది. అదీ కండరాల బలానికి వేసే 70 మార్కుల్లో సుమారు 5 పాయింట్లు, అందులోనూ లెక్కకట్టింది కుడివైపు కండరాలే. 8 గంటలు దాటాక మందు పడినవాళ్లు ప్లాసిబో (ఉత్తుత్తి మందు) వాళ్లకన్నా వెనకబడ్డారన్న సంగతి ఎవరూ ఎత్తరు.

మోతాదు_లెక్క: వాదన ఎటు తేలినా, ఇచ్చేవాళ్లు సరిగ్గా ఇవ్వాలి కదా. 70 కిలోల మనిషికి ముందు కిలోకు 30 చొప్పున 2,100 మి.గ్రా., 15 నిమిషాల్లో. తర్వాత 45 నిమిషాలు ఆపాలి. ఆపైన గంటకు కిలోకు 5.4, అంటే 378 మి.గ్రా., 23 గంటలు. మొత్తం 10,794 మి.గ్రా. దాదాపు 11 గ్రాములు! మొదటి డోసు సిరంజితో గబగబా తోస్తే గుండె లయ తప్పొచ్చు. గడియారం దెబ్బ తగిలిన క్షణం నుంచి నడుస్తుంది, క్యాజువాల్టీకి వచ్చినప్పటి నుంచి కాదు. దెబ్బ ఎప్పుడు తగిలిందో తెలియకపోతే మొదలుపెట్టనే కూడదు. రెఫరల్ చీటీలో డోసు, టైము రాయకపోతే రెండో ఆసుపత్రిలో మళ్లీ బోలస్ (మొదటి పెద్ద డోసు) పడుతుంది.

కశేరుక: గ్లియా గారూ, 1997 నాటి తర్వాతి ట్రయల్ నాసిస్-3లో తీవ్రమైన సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్ ప్రభావం), న్యుమోనియా పెరిగింది 48 గంటల కోర్సులో. నేనడిగేది 24 గంటలది.

గ్లియా: ఛాతీ పైభాగం నుంచి మెడ దాకా ఎక్కడ తెగినా ప్లీహం (రోగనిరోధక కణాలుండే అవయవం) మీద సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల) పట్టు తప్పుతుంది, రోగనిరోధక శక్తి దానంతటదే పడిపోతుంది. దగ్గే బలం కూడా ఉండదు. అలాంటి ఊపిరితిత్తుల మీద 11 గ్రాములా? స్టెరాయిడ్ అణిచే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) అంతా శత్రువన్న లెక్క కూడా తప్పే. తొలిరోజు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కణజాలాన్ని కాలుస్తాయి, నిజమే. మరి మైలిన్ (నరాల పైతొడుగు) చెత్త ఊడ్చేది మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలే. ఆస్ట్రోసైట్లు (నరాలకు ఆసరా ఇచ్చే కణాలు) కట్టే మచ్చ ఆక్సాన్లకు (నరాల పోగులకు) గోడ అనుకున్నాం. 2016లో ఎలుకల్లో అది ఏర్పడకుండా ఆపితే ఆక్సాన్లు పెరగలేదు సరికదా, పరిస్థితి ఇంకా చెడింది. స్టెరాయిడ్ ఇంటివాణ్నీ దొంగనూ కలిపి కొడుతుంది.

అర్ధరాత్రి_ఐసీయూ: మెడ విరిగినవాళ్లలో చాలామందికి తలకూ దెబ్బ ఉంటుంది. అక్కడ చర్చే లేదు: తల దెబ్బ తగిలిన 10,008 మందితో చేసిన క్రాష్ ట్రయల్‌లో రెండు వారాల్లో మరణాలు స్టెరాయిడ్ పడ్డవాళ్లలో 21.1 శాతం, పడనివాళ్లలో 17.9. ఈ మందు గురించి కొట్టుకుంటూ బీపీని గాలికొదిలేస్తున్నారు. సగటు ధమని పీడనం (సగటు బీపీ) 85–90 ఎంఎం హెచ్‌జీ దగ్గర వారంపాటు నిలపండి, నొక్కుకుపోయిన వెన్నుపామును 24 గంటల లోపు విడిపించండి.

కశేరుక: తల దెబ్బ ఉంటే వద్దు, ఒప్పుకున్నా. ఛాతీ దగ్గర పూర్తిగా తెగినవాళ్లకు నేనూ ఇవ్వను. మెడ దెబ్బ, వయసులో ఉన్న మనిషి, 3 గంటల లోపు వచ్చాడు, చక్కెర లేదు, ఊపిరితిత్తులు శుభ్రం. ఆ ఒక్కరి విషయంలో మాత్రం నా మాట మారదు.