వేడెక్కాక పై సిలిండర్ ఆగిపోతోంది, 1958 బోటు మోటార్

ప్రశ్న (మిన్నెసోటా):
అందరికీ నమస్తే. పక్కింటి పెద్దాయన గరాజ్ ఖాళీ చేస్తూ 1958 నాటి 10 హార్స్‌పవర్ బోటు మోటార్ నాకిచ్చారు, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది. చల్లగా ఉన్నప్పుడు రెండో లాగుడికే అందుకుంటుంది. సరస్సులో పదిహేను నిమిషాలు తిరిగాక పై సిలిండర్ ఆగిపోయి, వణుక్కుంటూ ఒక్కదాని మీదే ఈడ్చుకొస్తుంది. గంట ఆగితే మళ్లీ మామూలే. ప్లగ్గులు మార్చాను, కార్బ్యురేటర్ విప్పి కడిగాను, తేడా లేదు. మొన్న పాపతో నడి సరస్సులో ఇరుక్కుని తెడ్లేసుకుంటూ ఒడ్డుకొచ్చాం, అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఇంకేం చూడాలి?

జవాబు (ఉప్పాడ):
అన్నా, వేట పడవల ఇంజన్లు రిపేరు చేస్తాను. మావాటికి పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పడే క్షణాన్ని నిర్ణయించే స్విచ్‌లాంటివి) ఉండవు కానీ కాయిల్, అంటే ప్లగ్‌కి స్పార్క్ కరెంటు పుట్టించే తీగచుట్ట, ఎక్కడైనా కాయిలే. వేడికి పోయి చల్లారాక తిరిగొస్తోందంటే ముందు దాన్నే అనుమానించు. లోపలి సన్నతీగ ఎక్కడో తెగి ఉంటే చల్లగా ఉన్నంతసేపు ఆనుకునే ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది. అందుకే ఇంట్లో తీరిగ్గా చూస్తే ఏమీ దొరకదు, ఆగిన నిమిషంలోనే చూడాలి. స్పార్క్ టెస్టర్‌ని (ప్లగ్ వైరుకి తగిలించి స్పార్క్ వస్తోందో లేదో చూసే పరికరం) ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టు, పెట్రోల్ ఆవిరి ఉంటుంది జాగ్రత్త. కరెంటు పావు అంగుళం ఖాళీ దాటి నీలంగా కొట్టాలి.

జవాబు (డాలస్):
ఉప్పాడ తమ్ముడు చెప్పింది కరెక్ట్. ఆ కాలపు జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు నాలుగైదు బాగుచేశాను. వాటిలో ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువైన చక్రం) కింద ఒక్కో సిలిండర్‌కి ఒక కాయిల్, ఒక జత పాయింట్లు, పాయింట్లు కాలిపోకుండా చూసే ఒక కండెన్సర్ ఉంటాయి, మీదీ అలాంటిదే అయితే పై కాయిల్‌నీ కింది కాయిల్‌నీ మార్చి బిగించండి, జబ్బు కింది సిలిండర్‌కి వెళ్లిందంటే కాయిలే, వెళ్లకపోతే కండెన్సర్, పాయింట్లు చూడాలి. ఫ్లైవీల్‌ని అంచు పట్టుకుని లాగే పుల్లర్‌తో తీయొద్దు, మధ్యలోని మూడు బోల్టు రంధ్రాలకు బిగించేదే వాడండి. షాఫ్ట్ మీది చిన్న కీ పారేసుకోకండి, అది అరిగినా స్పార్క్ పడే టైమింగ్ పోతుంది. ఫ్లైవీల్ తీసి ఉండగానే పాయింట్లు కూడా చూడండి, పాత రాజ్‌దూత్‌లో లాంటివే. ఎమెరీ పేపర్‌తో రుద్దితే తర్వాత ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి, పొడి మిగిలితే కరెంటు సరిగా రాదు. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య గ్యాప్ 0.020 అంగుళాలు ఉండాలి. కాయిల్ బిగించేటప్పుడు దాని ఇనుప అంచు అది కూర్చునే ప్లేటు అంచుతో సమంగా ఉండాలి, బయటికొస్తే ఫ్లైవీల్ రాసుకుంటుంది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఫ్లైవీల్ తీయగానే పై కాయిల్ నల్ల పూత మీద వెంట్రుకంత పగులు కనిపించింది, వేలితో తడిమితే గోరుకి తగిలింది. అయినా డాలస్ గారు చెప్పినట్టు మార్చి బిగించి డ్రమ్ములో నీళ్లు పోసి నడిపాను, ఈసారి కింది సిలిండర్ ఆగింది. రెండు కాయిల్స్‌తో పాటు ప్లగ్ వైర్లూ కొత్తవి వేశాను, రాగి తీగవే. ఇవాళ డ్రమ్ములోనే నలభై నిమిషాలు నడిపాను, ఒక్కసారి కూడా తడబడలేదు. శనివారం ఒడ్డు దగ్గరే తిప్పి చూస్తాను, పాపని ఆ తర్వాతే ఎక్కిస్తాను.

జవాబు (ఉప్పాడ):
అన్నా, అయినా తెడ్లు మాత్రం పడవలోనే ఉంచు.