టిఫిన్ సెంటర్‌లో అరువు పెరిగిపోతోంది, నొప్పించకుండా ఆపడం ఎలా?

తిరుపతి కొర్లగుంటలో మూడేళ్లుగా చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఉదయం 6 నుంచి 10:30 దాకా. గిరాకీకి లోటు లేదు, బాధంతా అరువుతోనే. ఖాతా పుస్తకంలో 23 మంది, మొత్తం 31,400 రూపాయలు. సగానికి పైగా ఐదుగురిదే, అందరూ రోజూ వచ్చే ఆటో అన్నలు. ఐదు రోజులకో 19 కేజీల సిలిండర్ కావాలి, దానికి మాత్రం చేతిలో డబ్బు పెట్టాల్సిందే.

‘అప్పు రేపు’ బోర్డు పెట్టాను. “నిన్న చెప్పిన రేపు ఇదే కదన్నా” అని నవ్వి తిని వెళ్లారు. నెల 5న బాకీ గుర్తుచేస్తూ ఫోన్‌లో మెసేజ్‌లు పంపితే ఇద్దరే కట్టారు. పోయిన సోమవారం ఒకాయన్ని నలుగురిలో అడిగేశాను. సగం తిన్న ఇడ్లీ అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. తప్పు నాదే, పక్కకు పిలిచి అడగాల్సింది. అప్పట్నుంచి ఎవరినీ నోరు తెరిచి అడగలేకపోతున్నాను, ఈ వ్యాపారానికి నేను సరిపోనేమో అనిపిస్తోంది.

పాత బాకీ నెమ్మదిగా తీర్చమని, ఇకపై మనిషికి 300 దాటి అరువు లేదని చెప్పాలనుకుంటున్నాను. మీలో ఇలా హద్దు పెట్టినవాళ్లు, రోజూ వచ్చే మనిషికి ఆ మాట సరిగ్గా ఎలా చెప్పారు?